పాఠంలోని మేఘం

ఆదోని దగ్గరి పల్లెబడి. సైన్సు టీచరు సల్మా, తొమ్మిదో తరగతి మంజుల, కూతుర్ని పిలుచుకుపోవడానికి వచ్చిన ఉరుకుందు. బయట లారీ హారన్ ఆగడం లేదు.

“పాపను పంపించు మేడం. ఊరంతా ఎక్కినారు. మేమే మిగిలినాం.”

“ఉరుకుందన్నా, గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి ఈ పిల్లే కావాల్నా? మీ అమ్మ దగ్గర ఇడిసిపో.”

“అమ్మా లారీలోనే ఉంది. ఇంటికి బీగం ఏసినాం.”

“నాయనా, నేను రాను.”

“ఊరుకో మంజులా. పత్తి ఎండిపాయ. ఈడుండి ఏం తినాల? ఒక్క వాన పడింటే ఎందుకు పోతాంటిమి?”

“వాన వస్తాంది నాయనా! టీచర్, ఉపగ్రహం ఫోటో చూపించినారు గదా పాఠంలో, అది తీయండి. ఫోన్ ఇయ్యండి టీచర్.”

“మంజులా, అది...”

“ఇదిగో, చూడు నాయనా. ఇది మన ఆదోని. ఈ తెల్లగా ఉండేదంతా మేఘం. మన మీదికే వస్తాంది.”

“ఇంత మేఘమా! ఎప్పుడు పడుతుంది?”

“రేపో, ఎల్లుండో.”

“ఎల్లుండికి పడినా పత్తి లేస్తుంది. లేస్తుంది! మేడం, నువ్వు సెప్పు. పాప సెప్పేది నిజమేనా?”

“పాప బాగా చదువుతుందన్నా. క్లాసులో అందరికంటే...”

“అది గాదు. వాన.”

“మా ఇంట్లో పెట్టుకుంటా. నా బిడ్డ మాదిరి చూసుకుంటా. ఈ పిల్లను తీసుకుపోవద్దన్నా.”

“వయసొచ్చిన పిల్లను ఇడిసి ఆడ మేమెట్ల నిద్రపోతాం? వాన మాట సెప్పు మేడం. నువ్వు అవునంటే లారీని పొమ్మంటా. ఇది పోతే ఇంగ మమ్మల్ని పిలిచే మేస్త్రీ లేడు. వాన రాకపోతే పస్తులే. సరిగ్గా సూసి సెప్పు.”

“చెప్పండి టీచర్. అవునని చెప్పండి.”

“నన్ను అడగొద్దు మంజులా.”

“ఒక్క మాట టీచర్. ఒక్క మాట. మీ కాళ్ళు మొక్కుతా.”

“లెయ్యి... లెయ్యమ్మా. ఉరుకుందన్నా, అది పోయినేడు తుపాను ఫోటో. పాఠం చెప్పేకి దాచిపెట్టుకున్నా, ఆ సంగతి మంజులకూ తెలుసు. ఈపొద్దుటి ఫోటోలో మన దిక్కు ఒక్క మేఘం లేదు. పాపను ఎక్కించుకో.”