సీలు విప్పని కవరు

ఆ ప్రమాదం జరిగింది రెండు వేల పద్దెనిమిది, వానలు మొదలైన నెల. అంతే రాసుకోండమ్మా. తేదీ కావాలంటే మా కోడల్ని అడగండి, ఆఫీసు కాగితాలన్నీ తనే చూస్తుంది. పొద్దుట్నుంచి మీరిలా అడగడం ఇది మూడోసారి. మీరు లేబర్ ఆఫీసరు, అడగాలి, కాదనను. నేను ముసలివాణ్ణి, విసుక్కోవాలి కదా మరి.

మాదేమంత పెద్ద కంపెనీ కాదు. రెండు లారీలు, ఈ గోడౌను, ఈ గది. ఇళ్లు మారేవాళ్ల సామాను కట్టి, ఎక్కించి, దించి ఇస్తాం. నలభై ఏళ్లలో ఒక్క గరిటె పోయిందన్న మాట లేదు. ఎందుకంటే మాకో పద్ధతి ఉంది. ఇంటివాళ్లు సీలు వేసిచ్చిన పెట్టె మేం విప్పం. ఒకసారి ఒకాయన పెట్టెలో అలారం గడియారం మోగడం మొదలుపెట్టింది. దారి పొడుగునా మోగించుకుంటూనే పోయాం గానీ విప్పలేదు. నవ్వండి, పర్లేదు.

ఇవాళ మీకు ఆ పద్ధతే చెప్పమన్నాడు మా అబ్బాయి. "నాన్నా, నీ సొరుగులో దొరికింది సీలు వేసిన కవరు. మనం విప్పం. లోపల ఏముందో మనకి తెలీదు. ఇంకో ముక్క మాట్లాడకు" అన్నాడు. లాయరుదీ అదే మాట.

అలా అంటే కూలీల్ని తెచ్చిన మేస్త్రీ గెలుస్తాడన్నారు మీరు. కూలీలు వాళ్ల ఇష్టంతోనే వచ్చారు, వాళ్ల ఇష్టంతోనే ఉన్నారు అని కదా అతను చెబుతోంది. ఆసుపత్రిలో పడుకున్నవాడి మాట ఒక్కటే మిగులుతుంది. అలా అనకపోతే మా లైసెన్సు పోతుంది. అర్థమైందమ్మా. నాకు అర్థం కాక కాదు నీళ్లు నములుతున్నది.

మేస్త్రీ అంటే మనుషుల్ని తెచ్చిచ్చేవాడు. మాకు చేతులు చాలక అతన్ని పెట్టుకున్నాం. ఆరుగురిని తెచ్చాడు. ఎక్కడో దూరం నుంచి, మన మాట కూడా అంతంతమాత్రం. గోడౌను వెనక రేకుల గదిలో ఉంటారన్నాడు. సరే అన్నాను. సామాన్లకి చుట్టే బొంతలే పరుచుకునేవాళ్లు, అవే కప్పుకునేవాళ్లు. పొద్దున్నే దులిపి మళ్లీ అద్దాల బీరువాలకి చుట్టేవాళ్లు. బయటికి పోతే మేస్త్రీతోనే పోవాలి. చూశానమ్మా. చూళ్లేదని ఎలా అంటాను?

మొదటి రోజే ఓ కవరు తెచ్చిచ్చాడు. నాలుగు పక్కలా టేపు, పైన అతని సంతకం. "పెద్దాయనా, మీ దగ్గరైతే భద్రం" అన్నాడు. భద్రం అంటే చాలు, నేను పడిపోతానని ఊరంతా ఎరుగుదురు. ఇదిగో, ఈ టేబులు సొరుగులోనే పెట్టి తాళం వేశాను.

ఆ ఆరుగురిలో ఒకడు మరీ పొడుగు. లారీ పైవరస సామాను చేతికే అందేది. మావాళ్లు "నిచ్చెన" అని పిలిచేవారు. అసలు పేరా? మీ కాగితంలో ఉంటుంది. ఏడాదిన్నర పని చేయించుకున్నాను, నేనడగలేదు.

ఓసారి అతనే వచ్చి ఇక్కడ నిలబడ్డాడు. మాట వెతుక్కుని, దొరక్క, వేలితో గాలిలో కార్డంత గీసి, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. నాది, అని. "మేస్త్రీని అడుగు" అన్నాను. సొరుగుకి నా మోకాలు ఆనించుకుని కూర్చునే అన్నాను.

ఆ తర్వాత ఫారం వచ్చింది. ఓ పెద్ద కంపెనీ వాళ్ల ఉద్యోగుల ఇళ్లు మార్చే పని మాకిస్తానంది, ముందు ఇది నింపమంది. మీ దగ్గర గానీ, మీకు మనుషుల్ని పంపేవాళ్ల దగ్గర గానీ ఎవరినైనా కదలనివ్వకుండా పనిలో ఉంచారా? ఎవరి గుర్తింపు కార్డులైనా ఇంకొకరు దాచారా? ఇలాంటివే పద్నాలుగు ప్రశ్నలు.

మా కోడలు రెండుసార్లు చదివింది. "మావయ్యా, మేస్త్రీ లేకుండా ఒక్కొక్కళ్లతో విడిగా మాట్లాడాలట. నేను వెళ్లి అడగనా?" అంది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మాయ్? మనం మోసేది సామాన్లు, వాళ్ల కష్టసుఖాలు కాదు" అన్నాను.

"అయితే సంతకం మీరే పెట్టండి" అని ఫారం నా ముందు పడేసి వెళ్లిపోయింది.

పెట్టాను. ఇవాళ మీతో అక్షరం ముక్క రాదని చెప్పి తప్పించుకోమని కూడా అన్నాడు మా అబ్బాయి. ఎలా చెప్పను? పగలంతా మోసి, రాత్రిబడికి పోయి నేర్చుకున్నాను. పద్నాలుగు ప్రశ్నలూ చదివాను. పెన్ను కోసం సొరుగు లాగాను, కవరు పైనే ఉంది. పక్కకి జరిపి పెన్ను తీసుకుని, లేదు, లేదు, లేదు అని టిక్కులు పెట్టుకుంటూ పోయాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

ఇక మీరడిగే రోజు. మూడో అంతస్తు నుంచి ఫ్రిజ్ దించుతున్నారు. మెట్లు తడి. కింది కొస పట్టుకున్నది నిచ్చెన. జారింది. వదిలేసి పక్కకి తప్పుకోవచ్చు. వదల్లేదు, పాదం అడ్డం పెట్టాడు. ఫ్రిజ్‌కి గీత కూడా పడలేదని ఇంటివాళ్లు మెచ్చుకున్నారు.

వెనక గదిలో పడుకోబెట్టారు. మేస్త్రీ ఏదో పూసి గుడ్డ కట్టాడు. మూడో రోజు నేను వెళ్లాను. గుమ్మంలోనే వాసన తెలిసింది. ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను మేస్త్రీని. "కార్డు చూపించందే చేర్చుకోరు. చూపిస్తే వీళ్లని ఎలా తెచ్చామో అడుగుతారు. మీ పేరూ వస్తుంది పెద్దాయనా" అన్నాడు.

నేనేమన్నానా? ఇక్కడికొచ్చి కూర్చున్నాను. ఈ గోడకి అవతలే ఆ గది. వారం రోజులు మూలుగు వింటూ సామాన్ల లిస్టులు రాశాను.

పదో రోజున మా కోడలు అటు వెళ్లింది. నన్నూ అడగలేదు, మేస్త్రీనీ అడగలేదు. మిగతా వాళ్ల చేత ఎత్తించి ఆటోలో వేసుకుపోయింది. ఆసుపత్రిలో కార్డు మాటే ఎత్తలేదట. నేరుగా లోపలికి తీసుకున్నారట. మీకు ఫోను చేసింది కూడా తనే. మీ మనిషి వచ్చి సొరుగు తెరిచాడు, కవరు కోశాడు.

ఇప్పుడడగండి మీ ప్రశ్న.

నలభై ఏళ్లుగా పెట్టెలు మోస్తున్నానమ్మా. పెట్టె ఎత్తితే లోపల గాజో, ఇత్తడో, పుస్తకాలో నా చేతులు చెబుతాయి. కవరు నాకేపాటి? మేస్త్రీ చేతిలో పెట్టగానే తెలిసింది. టేపు మీద నుంచే బొటనవేలితో అంచులు లెక్కపెట్టాను. ఆరు. కిటికీలోంచి చూశాను. బయట ఆరుగురు నిలబడి ఉన్నారు.

తెలుసు అని రాయండి. మొదటి రోజు నుంచీ అని రాయండి. మా పద్ధతి సంగతి రాయొద్దు, దాని వెనక దాక్కున్నాను.

మా అబ్బాయి ఇక నాతో మాట్లాడడేమో. కోడలు ఎలాగూ మాట్లాడ్డం మానేసింది. ఏదీ, ఇలా ఇవ్వండి, సంతకం ఎక్కడ పెట్టాలి?

నిచ్చెనది కుడి కాలు. పదకొండో రోజున మోకాలి కింద నుంచి తీసేశారు. అతనికి ముప్పై రెండేళ్లు.