సెలవుల సంచిలో నవలలు

టైలరింగ్ షాపు వెనక గది. మిట్టమధ్యాహ్నం. తల్లి మిషను మీద కుడుతోంది. పదో తరగతి పరీక్షలు అయిపోయిన కూతురు నేల మీద కూర్చుని బ్యాగు సర్దుకుంటోంది.

"బట్టలు రెండు జతలు, పుస్తకాలు బ్యాగెడూనా! మీ పిన్ని ఇంటికి వెళ్తున్నావా, అక్కడ లైబ్రరీ పెడుతున్నావా?"

"ఇవన్నీ మా ఇద్దరికీ అమ్మా. ఏటా అంతేగా. సెలవుల్లో నేను పైకి చదవడం, పిన్ని వినడం."

"వినడమా? కిందటేడు ఆ సర్కస్ పిల్ల నవలకి ఇద్దరూ కలిసి ఏడ్చి ఏడ్చి ముక్కులు ఎర్రగా చేసుకున్నారు. మీ బాబాయి ఫోన్ చేసి, ఎవరైనా పోయారేమో అని హడిలిపోయాను వదినా, అన్నాడు."

"ఆయన అలాగే అంటాడు."

"ఆయనేంటే? బాబాయి అనడానికి నోరు రావట్లేదా?"

"అన్నాలే... అమ్మా, సర్కస్ పిల్లది మళ్ళీ పెట్టుకోనా? నాకు అన్నిటికన్నా అదే ఇష్టం. ఏనుగు ముసలిదైపోయిందని అమ్మేస్తారు చూడు, అక్కడ ఇప్పటికీ పేజీ తడిపేస్తాను."

"పెట్టుకో. ఆ దెయ్యాల హాస్టల్‌ది మాత్రం వద్దు. అది చదివాక నెల్లాళ్ళు బాత్రూముకి నన్ను తోడు తీసుకెళ్ళావు."

"అప్పుడు చిన్నదాన్ని!"

"అబ్బో, ఇప్పుడు పెద్ద ఆరిందావి మరి. ఇల్లొదిలి రైలెక్కిన అన్నాచెల్లెళ్ళది కూడా తీసుకెళ్తున్నావా? చిరిగి పీలికలైపోయింది కదే."

"అది పిన్నికి ఇష్టం. వాళ్ళు రైలెక్కే చోటు రెండుసార్లు చదివించుకుంటుంది... అమ్మా, నువ్వు కూడా రాకూడదూ? రెండ్రోజులుండి వచ్చేద్దువు."

"మళ్ళీ మొదలెట్టావూ? నేనొస్తే ఇవెవరు కుడతారు? మీ పిన్నివే ఉన్నాయి ఇదిగో, ఈ నీలం డ్రెస్సూ, ఆ పచ్చదీ. ఈ మండే ఎండల్లో మణికట్టు దాకా చేతులట, మెడ దాకా కాలరట. ఫ్యాషన్ అక్కా అంటుంది. దీనికెప్పట్నుంచే ఈ ఫ్యాషన్లు? చిన్నప్పుడు చేతుల్లేనివే కావాలని పేచీ పెట్టేది."

"అమ్మా, కత్తెర కింద పడింది చూడు."

"మాట మార్చకే. మొన్న దానికి జ్వరమంటే తోడు వెళ్ళొచ్చావు చూడు, అప్పట్నుంచీ కనిపెడుతున్నా. సరిగ్గా తిండి లేదు, నవ్వు లేదు. ఓసారి వెళ్తానంటావు, ఓసారి వెళ్ళనంటావు. పిన్నితో ఏమైనా గొడవ పడ్డావా?"

"పిన్నితోనా? ఛ!"

"మరి?"

"ఏం లేదమ్మా. ఏం లేదంటున్నానా!"

"సరే సరే, మీద పడకు. ఆ చేతిలోదేంటి, ఎర్ర అట్టది? ఇందాకట్నుంచీ బ్యాగులో పెట్టడం, తియ్యడం, పెట్టడం, తియ్యడం."

"ఇదా? కొత్తది. స్కూల్ లైబ్రరీది. చాలా బాగుంటుందమ్మా. నువ్వు చదవాలి."

"నాకెక్కడిదే అంత తీరిక? కథ నువ్వే చెప్పు, కుట్టుకుంటూ వింటాను."

"మధ్యలో కత్తెరేదీ, గుండీలేవీ అనకూడదు."

"అననులే, చెప్పు."

"ఒక అమ్మాయి ఉంటుంది. నా అంతే. సెలవులకి వాళ్ళ... వాళ్ళ టీచరింటికి వెళ్తుంది. ఆ టీచరంటే దానికి ప్రాణం."

"సెలవుల్లో టీచరింటికా? ఏ తల్లి పంపిస్తుందే?"

"నవల్లో పంపిస్తారమ్మా! వింటానని ఇదా?"

"సరే, పంపించారు. తర్వాత?"

"టీచర్‌కి భర్త ఉంటాడు. వీధిలో అందరికీ తెగ మంచివాడు. పిల్లలకి చాక్లెట్లు పంచుతాడు, పెద్దాళ్ళ సంచులు మోసిపెడతాడు. ఇంటికొచ్చి తలుపేశాక మాత్రం టీవీ సౌండ్ పెంచేస్తాడు."

"చెవుడేమోనే."

"చెవుడు కాదు. వంటింట్లో ఏం జరుగుతోందో పక్కింటికి వినపడకూడదని."

"ఏం జరుగుతుంది వంటింట్లో?"

"ఆ అమ్మాయి తలుపు సందులోంచి చూస్తుంది. ఆయన టీచర్ చెయ్యి పట్టుకుని వెనక్కి మెలిపెట్టి, గోడకేసి... కూరలో ఉప్పెక్కువైందని. అంతే అమ్మా. ఉప్పుకి!"

"ఏ చెయ్యి?"

"ఆఁ?"

"ఏ చెయ్యే?"

"ఎడమది... మిషనెందుకు ఆపావు?"

"దారం తెగింది. నువ్వు చెప్పు."

"పొద్దున చూస్తే చెయ్యంతా కమిలిపోయి నల్లగా ఉంటుంది. అడిగితే టీచర్ నవ్వేస్తుంది. తలుపు తగిలిందిలేవే అంటుంది. జ్వరమని చెప్పి బయటికి రాదు. తర్వాత ఎంత ఎండ కాసినా పొడుగు చేతులవే వేసుకుంటుంది."

"ఆ పిల్ల ఊరుకుందా? నోరు లేదా దానికి? వాళ్ళమ్మకి చెప్పొద్దూ?"

"ఎలా చెప్తుంది? టీచర్ ఒట్టేయించుకుంది కదా. ఎవరికీ చెప్పనని మీ అమ్మ మీద ఒట్టెయ్ అంది."

"వేసిందా?"

"ఏం చేస్తుంది మరి? టీచర్ దాని కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఒట్లూ గిట్లూ ఉత్తివేనని దానికి తెలీదా? తెలుసు. కానీ తప్పితే నిజంగా వాళ్ళమ్మకి ఏమైనా అయితే? అప్పట్నుంచీ వాళ్ళమ్మ దగ్గినా లేచి వెళ్ళి చూసొస్తుంది."

"ఓసి నా పిచ్చి తల్లీ..."

"నన్నెందుకంటావు? నవల్లో అమ్మాయమ్మా!"

"ఆ, దాన్నే అంటున్నా. మళ్ళీ ఆ ఇంటికి వెళ్తుందా అది?"

"వెళ్ళాలిగా. తనుంటే ఆయన కాస్త తగ్గుతాడేమోనని. వెళ్ళాలంటే భయం. వెళ్ళకపోతే టీచర్ ఒక్కతే ఉంటుంది కదా, అది ఇంకా భయం."

"వదిలేసి వచ్చెయ్యొచ్చుగా ఆవిడ? తోడబుట్టినవాళ్ళు లేరా?"

"అక్క ఉంది. ఆవిడ ఒక్కతే నానా చాకిరీ చేసి పిల్లని సాకుతోంది, నేను కూడా వెళ్ళి నెత్తిన కూర్చోనా, అంటుంది."

"అలా అందా?"

"నవల్లో."

"అంత మాట అందా అది? నాకు... అక్కకి బరువని అందా?"

"నువ్వు ఏడుస్తున్నావేంటమ్మా?"

"ఉప్పుకి చెయ్యి విరిచేవాణ్ణి తలుచుకుంటే ఏడుపు రాదూ? చివరికేమవుతుంది?"

"చివర ఇంకా చదవలేదు... అదేంటి, పుస్తకంలో దారం ముక్క ఉంది? ఆఖరి పేజీ దగ్గర."

"ఈ ఇంట్లో దారం లేనిదెక్కడ? అన్నంలో కూడా వస్తుంది."

"నీలం దారమమ్మా. పిన్ని డ్రెస్సుది."

"అవును, నేనే పెట్టాను. నిన్న కరెంటు పోయి మిషను ఆగిపోయింది కదా. అడిగితే చెప్పవు, నీ మనసులో ఏం తొలుస్తోందో దీన్లోనైనా దొరుకుతుందేమోనని కూర్చుని చదివేశాను. లైట్‌హౌస్ తాత, మనవరాలు, తప్పిపోయిన పడవ. బానే ఉంది. కానీ ఇందులో టీచర్ లేదే. మొగుడూ లేడు, ఒట్టూ లేదు."

"అమ్మా... నేనేం చెప్పలేదు! పిన్ని గురించి నేనేం చెప్పలేదమ్మా! నువ్వే..."

"ఇటు రా. ఏడవకు. ఇటు రావే. నువ్వేం చెప్పలేదు. నవల కథ చెప్పావు, నేను విన్నాను. ఎక్కడ తప్పావు ఒట్టు? చూడు, గుండ్రాయిలా ఉన్నాను."

"పిన్ని కోప్పడుతుంది."

"పడనీ. నా మీద పడుతుందిలే. నేనే కదే కుట్టి పంపాను, ఒకదాని తర్వాత ఒకటి! ఇంత పొడుగు చేతులెందుకే అని గట్టిగా ఒక్కమాట అడిగానా? ఫ్యాషనంటే నమ్మేశాను. కొలతకని ఎడమ చెయ్యి పట్టుకుంటే అబ్బా అని లాక్కుంది, అయినా నాకు తట్టలేదు. దాని దెబ్బలు కప్పడానికి నా చేత్తో కొలత తీసి మరీ కుట్టాను. ఛీ, నేనూ ఒక అక్కనేనా!"

"ఎక్కడికమ్మా? కుట్లు?"

"ఆగుతాయి. చెప్పులేసుకో, ముందు బస్సు దొరకాలి. ఆ పుస్తకాలన్నీ తీసి బల్ల మీద పెట్టు."

"ఎందుకు? మరి పిన్నికి ఏం చదవను?"

"సెలవులన్నాళ్ళూ ఇక్కడే కూర్చుని చదువుదువుగాని, ముగ్గురం ఏడుద్దాం. ఇప్పుడు మాత్రం బ్యాగు ఖాళీగా తీసుకురా, దాని బట్టలు పట్టాలి."