పొడుగు యాంటెన్నా

ఆ జీపుకి రేడియో యాంటెన్నా బిగించడం మెకానిక్‌కి ఈ ఏడాది ఇది మూడోసారి.

“మళ్ళీ కొమ్మలకి తగిలించి విరగ్గొట్టుకొచ్చావా? పొట్టిది పెట్టించుకో తమ్ముడూ. టాపు మధ్యలో పెడితే మూరెడుదైనా సరే, మాట శుభ్రంగా వినిపిస్తుంది.”

“వద్దన్నా. పొడుగుదే పెట్టు.”

“నీతో నా ప్రాణం విసిగిపోతోంది. పొడుగుదానికేమైనా కొమ్ములున్నాయా?”

“మా బావ జీపు వరదలో మునిగినప్పుడు నీళ్ళ పైన కనిపించింది యాంటెన్నా కొన ఒక్కటే. ఆ ఆనవాలుతోనే బావని బయటికి తీశారు.”

“ప్రాణాలతోనేనా?”

“లేదన్నా. కానీ మా అక్క గుమ్మంలో నిలబడి ఎదురుచూడ్డం ఆ రోజుతో ఆగింది.”

మెకానిక్ పొట్టిదాన్ని డబ్బాలో పెట్టేశాడు.

“ఆ పొడుగుది ఇలా అందించు. అడుగున స్ప్రింగు వేస్తాను. కొమ్మ తగిలి వంగినా మళ్ళీ లేచి నిలబడుతుంది.”