తువాళ్ళ లెక్క

సాగర్ కాలవ పక్క ఊళ్ళో చర్చి వరండా. మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు, మధ్యాహ్నం రెండున్నర. మనవరాలు శాంతిని వెంటబెట్టుకొచ్చిన పున్నమ్మ, పాస్టరు జయపాల్ ముందు నిలబడి ఉంది.

“కాదు అయ్యగారూ, ముందు మా పిల్ల పేరు కొట్టేయండి. మిగతా మాటలు తర్వాత.”

“కూర్చోండి పున్నమ్మగారూ. ఎండనపడి వచ్చారు. మంచినీళ్ళు తెప్పిస్తాను...”

“నాకు నీళ్ళొద్దు. నీళ్ళ వల్లే వచ్చిపడింది ఇదంతా. కొట్టేయండి.”

“ఎక్కడని కొట్టేయనమ్మా? బాప్తిస్మాల లిస్టు పైకి వెళ్ళి రెండు నెలలైంది. మా పెద్దాఫీసువాళ్ళు పుస్తకం అచ్చేశారు, ఫేసుబుక్కులో ఫోటోలు పెట్టారు. ‘ఒక్క పూటలో రెండువందల పద్నాలుగు ఆత్మలు’ అని పైన పెద్దక్షరాలు.”

“ఆ ఫోటోనే ఎవరో తీసుకెళ్ళి ఎమ్మార్వో ఆఫీసులో పిటిషన్ పడేశారు. ఈ పిల్ల నడుంలోతు నీళ్ళలో ఉంది, మీ చెయ్యి దీని నెత్తిమీద ఉంది. ఎస్సీ సర్టిఫికెట్టుతో నర్సు ఉద్యోగం కొట్టింది, చూడండి, కిరస్తానంలో కలిసిందీ అని రాశారు.”

“తెలుసు. నాకూ నోటీసు వచ్చింది.”

“వచ్చిందా? మాకు చెప్పలేదే?”

“ఏం చెప్పమంటారు. మూడు రోజుల్నుంచి నాకు ముద్ద దిగట్లేదు.”

“మీకు ముద్ద దిగట్లేదు, మాకు కంచమే పోయేట్టుంది. సోమవారం చీరాల ఆసుపత్రిలో చేరమని కాయితం వచ్చింది దీనికి. సర్టిఫికెట్టు సరైందేనని రెవెన్యూ ఆర్.ఐ. విచారించి రాస్తేనే చేర్చుకుంటారట. రాయకపోతే కిరస్తానంలో కలిసిన ఎస్సీ కాబట్టి బీసీ-సీ అంటారు, అందులో దీని మార్కులు చాలవు. అప్పుడు చెన్నై పోతానంటోంది. ప్రైవేటు ఆసుపత్రిలో చేరతానంటోంది. చెన్నై!”

“అమ్మమ్మా, నెమ్మదిగా. రోడ్డు మీదికి వినిపిస్తోంది.”

“విననీ. అమ్మో కాదు, విననీయకూడదు. తలుపెయ్యండి అయ్యగారూ.”

“వరండాకి తలుపెక్కడిదమ్మా?”

“మూడింటికి వస్తాడు ఆర్.ఐ. ఈలోపల తేల్చండి. అసలు దీని పేరెలా ఎక్కింది? మునిగింది నేను. నేనే కదా మునిగింది?”

“మీరే. మరి మీరు మునిగారు కదా అని ఆయన అడిగితే?”

“నాది పోతే పోయింది. ఈ వయసులో నాకేం ఉద్యోగమిస్తారు? ఎవరి మతం వాళ్ళదే, ముసలామె సంగతి మాకక్కర్లేదు, పిల్ల సంగతి చెప్పమన్నారు ఎమ్మార్వో ఆఫీసులో. నా కాలు పాచి మీద జారింది. ఇది గట్టు మీంచి దూకి పట్టుకుంది. అంతేగా? ఏమే, మాట్లాడవే.”

“అంతే అమ్మమ్మా.”

“విన్నారా? అంతే.”

“విన్నాను.”

“ఫోటోలో తెల్లచీర ఉందేమిటని అడిగినా అడుగుతారు. అందుకూ జవాబుంది. నర్సుల చీర అది. ట్రైనింగునుంచి నేరుగా కాలవకాడికే వచ్చింది. కదే?”

“ఆఁ.”

“ఆదివారం పూట ట్రైనింగేంటే? ఇప్పుడు తట్టింది నాకు.”

“డ్యూటీ వేశారు అమ్మమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఒక్కసారీ చెప్పలేదు. సరే, డ్యూటీ. ఆర్.ఐ. అడిగితే అలాగే చెప్పు, ఇలా విసుక్కోకు. అయ్యగారూ, పేరెలా ఎక్కిందో చెప్పనేలేదు మీరు.”

“తువాళ్ళ లెక్కలో ఎక్కింది.”

“ఏం తువాళ్ళు?”

“ఆ రోజు జనం తోసుకుంటున్నారు కదా, పేర్లు రాసేందుకు మనిషి లేడు. మా ఇంటావిడ ఫెబా గట్టు మీద నిలబడి, తడిసి పైకొచ్చిన ప్రతివాళ్ళకీ ఒక తెల్లతువాలిచ్చి పేరడిగింది. సాయంత్రం ఎన్ని తువాళ్ళు ఖర్చయ్యాయో చూసుకున్నాం. అదే లెక్క.”

“తడిసినవాళ్ళందరికీనా?”

“తడవనివాళ్ళకి తువాలెందుకమ్మా?”

“బుల్లయ్య కూడా తడిశాడుగా. వాడు గేదెను గట్టెక్కించడానికి దిగాడు.”

“ఆ... బుల్లయ్యకీ ఇచ్చింది.”

“నాకు చూపించాడు లెండి, మెత్తగా ఉందని. గేదెక్కూడా ఒకటి కప్పకపోయారా?”

“పున్నమ్మగారూ!”

“భయంతో వాగుతున్నాను, ఏమనుకోకండి. మొత్తం తువాళ్ళెన్ని?”

“అరవై ఒకటి.”

“మరి రెండొందల పద్నాలుగంటారేంటి?”

“అమ్మమ్మా, అదంతా మనకెందుకు ఇప్పుడు?”

“నువ్వుండవే. అరవై ఒకటి రెండొందల పద్నాలుగెలా అయింది?”

“ఇంట్లో ఒకరు మునిగితే ఇంటిల్లిపాదీ లెక్క. రేషన్ కార్డులో ఎంతమందుంటే అంతమంది. పైవాళ్ళు చెప్పిన పద్ధతే. పక్క ఊరి సంఘం నూట తొంభై రాసింది. నేను అరవై రాస్తే ఈ ఊళ్ళో సంఘం ఎదగట్లేదని నన్ను తీసేసి, ఈ చర్చికి తాళం వేస్తారు. మీరంతా ఆదివారం ఎక్కడికి పోతారు చెప్పండి?”

“మమ్మల్ని అడ్డం పెట్టకండి. నన్ను చిన్నప్పుడు మా పుట్టింటి మిషన్‌లో నెత్తిన నీళ్ళు చిలకరించి రాసుకున్నారు. పెళ్ళయ్యాక మా అత్తగారి ఊరివాళ్ళు ఆ చిలకరించడం చెల్లదని చెరువులో ముంచి రాసుకున్నారు. ఇప్పుడు ఆ ముంచడం సరిగ్గా లేదని మీరు కాలవలో ముంచి రాసుకున్నారు. మూడు చోట్లా నేను కొత్త మనిషినే. అక్కణ్ణుంచి వచ్చేశానని అక్కడెవరన్నా కొట్టేశారా?”

“చేరినవాళ్ళెంతమందనే అడుగుతారమ్మా. పోయినవాళ్ళ లెక్క ఎవరూ అడగరు.”

“ఏదీ, ఆ పుస్తకం ఇలా ఇవ్వండి. నా కళ్ళతో చూస్తాను. తొంభై నాలుగు, పున్నమ్మ. తొంభై ఐదు, శాంతి. ఇదిగో, ఇక్కడే ఉంది. తొంభై ఆరు... అయ్యగారూ.”

“ఏమ్మా?”

“తొంభై ఆరు, ప్రమీల.”

“అమ్మమ్మా, పుస్తకం ఇటివ్వు.”

“ప్రమీల అని ఉందే. మీ అమ్మ పేరే.”

“పాత రేషన్ కార్డు చూసి రాసుంటారు. తప్పే. నేను చూసుకోలేదు.”

“అది పోయి తొమ్మిదేళ్ళయింది అయ్యగారూ. చెన్నైలో బట్టల కంపెనీలో పనుందంటే నేనే పంపాను. ఒంగోలు స్టేషన్లో నేనే రైలెక్కించాను. పచ్చడి సీసా మర్చిపోయిందని మళ్ళీ పరిగెత్తాను, కిటికీలోంచి అందుకుంది. నాలుగు నెలలకి అంబులెన్సులో తెచ్చారు. దాన్ని మీరు మొన్న జనవరిలో కాలవలో ముంచారా?”

“ఇప్పుడే కొట్టేస్తాను. ఈ పుస్తకంలోనైనా కొట్టేస్తాను, ఇలా ఇవ్వండి.”

“వద్దు.”

“అదేంటమ్మా?”

“దాన్ని ఉండనీండి. ఒక్క పుస్తకంలోనన్నా బతికున్నవాళ్ళ మధ్య ఉండనీండి. శాంతిని కొట్టేయండి.”

“ఏడవకు అమ్మమ్మా.”

“ఎవరేడుస్తున్నారు? కల్లం మీంచి ఘాటు కొడుతోంది. అయ్యగారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఇక్కడ కొట్టేస్తే పైన కూడా కొట్టేస్తారా?”

“పెద్దాఫీసులోనా?”

“ఇంకా పైన.”

“అక్కడి లెక్క మా చేతిలో లేదు పున్నమ్మగారూ. ఉంటే ఎంత పాడుచేసేవాళ్ళమో.”

“అది కాదు. రేపు నేను పోయాక ప్రమీల కనపడుతుంది కదా, పిల్లేదే అని అడుగుతుంది కదా. ఉద్యోగం కోసం నేనే కొట్టించాను, అది ఇటు రాదు అని చెప్పాల్సొస్తుందా? అదే నాకు భయం. కొట్టించకపోతే ఇక్కడ విడిపోతాం, కొట్టిస్తే అక్కడ విడిపోతామా?”

“అమ్మమ్మా, చాలు. ఇంక ఆపు.”

“ఆపుతాను. నువ్వు ఆ స్తంభం వైపు చూడ్డం మాని ఇటు తిరుగు. అయ్యగారూ, కొట్టేయడం కుదరదంటే ఉత్తరం రాసివ్వండి. ఈ పిల్ల బాప్తిస్మం తీసుకోలేదు, పేరు పొరపాటున పడింది అని. బుల్లయ్యకి రాసిచ్చారట కదా?”

“రాశాను.”

“యలమందయ్య కొడుక్కి?”

“రాశాను. ఇప్పటికి తొమ్మిదిమందికి రాశాను. పింఛను పోతుందని ఒకరు, సంబంధం చెడుతుందని ఒకరు. అడిగినవాళ్ళకి అడిగినట్టు రాసిచ్చాను.”

“మరి పదోది దీనికి రాయండి.”

“ఇంకేదైనా అడగండమ్మా. మీతో ఆఫీసుకి వస్తాను. లెక్కంతా దొంగలెక్కని, చేసింది నేనేనని ఒప్పుకుంటాను. నన్ను తీసేస్తే తీసేస్తారు. ఈ ఒక్క కాయితం మాత్రం నాతో రాయించకండి.”

“ఎందుకు? తొమ్మిదిమందికి లేనిది దీని మీదే ఏంటి మీకు పగ?”

“పగేంటి పున్నమ్మగారూ...”

“రాయండి అయ్యగారూ.”

“నువ్వే అంటున్నావా శాంతీ?”

“నేనే అంటున్నాను. రాయండి.”

“ఇటు చూసి చెప్పు తల్లీ.”

“రాయమన్నాను కదండీ! ఎన్నిసార్లు అనిపిస్తారు?”

“ఏంటే ఆ అరవడం? అయ్యగారి మీదా?”

“ఫర్వాలేదమ్మా, అరవనీండి. రాస్తాను. ‘మా గ్రామ నివాసి పున్నమ్మ మనవరాలైన శాంతి మా సంఘములో బాప్తిస్మము పొందలేదు. ఆ దినమున ఆమె నీటిలోనికి దిగినది తన అమ్మమ్మను పట్టుకొనుటకు మాత్రమే. ఆమె పేరు...’”

“ఆగారేం?”

“పెన్ను రాయట్లేదు.”

“రాస్తోందిగా, అదిగో సిరా పడుతోంది. రాయండి, మీకు పుణ్యముంటుంది.”

“‘ఆమె పేరు పొరపాటున చేర్చబడినది.’ అయింది. నా సంతకం పెట్టాను. కింద అమ్మాయి కూడా పెట్టాలి.”

“పట్టుకోవే పెన్ను. మూత పెట్టేస్తావేంటే? తీసి సంతకం పెట్టు. అదేంటి, బండి చప్పుడు? వచ్చేశాడా? ఇంకా మూడు కాలేదే!”

“ఆయనే. రండి సార్, వందనాలు. నేనే పాస్టరు జయపాల్‌ని.”

“నమస్కారమండి. పున్నమ్మగారంటే మీరేనా? మీ ఇంటికెళితే ఇక్కడున్నారన్నారు. బాబోయ్, ఏం ఘాటండీ, హెల్మెట్ తీయగానే తుమ్ములు. ఈ కల్లాల మధ్య ఎలా ఉంటున్నారు?”

“అలవాటైపోయింది సార్. కూర్చోండి సార్. ఇదే సార్ మా పిల్ల. తల్లి లేని పిల్ల సార్. కాయితం కూడా రాయించాం, చూడండి.”

“చూస్తానమ్మా, మీరూ కూర్చోండి. ఊఁ... పాస్టరుగారే రాసిచ్చారు, మంచిది. అమ్మాయి సంతకం లేదే?”

“పెడుతుంది సార్. పెన్ను దాని చేతిలోనే ఉంది.”

“కంగారేం లేదు. పొద్దున్నుంచి ఊళ్ళో పదిమందిని అడిగాను. అందరూ ఒకటే మాట, పెద్దావిడ జారితే మనవరాలు దిగిందని. ఈ లిస్టు సంగతీ తెలిసింది. గేదె కోసం దిగినతను, చనిపోయినవాళ్ళు, పాలు తాగే పిల్లలు, అందరూ ఉన్నారు ఇందులో. ఏమండీ పాస్టరుగారూ?”

“అవునండి. నాదే తప్పు.”

“మీ సంగతి మీ పైవాళ్ళు చూసుకుంటారు. నా పని అమ్మాయి ఫైలు వరకే. ఈ లిస్టు నమ్మదగింది కాదని రాసేసి ఇవాళే మూసేస్తాను. సోమవారం వెళ్ళి డ్యూటీలో చేరమ్మా.”

“మీ పిల్లాపాపలు చల్లగుండాలి సార్. విన్నావే? సోమవారం! ఇంక చెన్నై మాటెత్తకు.”

“అమ్మాయి నోటితో ఒక్క ముక్క చెప్పాలండి, అది మా పద్ధతి. చూడమ్మా శాంతీ, మీ అమ్మమ్మగారి కాలు జారితే పట్టుకోడానికి నీళ్ళలో దిగావు. అంతే కదా?”

“అంతే సార్. అంతేనను తల్లీ.”

“ఆమెను చెప్పనీయండమ్మా.”

“చెబుతుంది సార్, భయపడుతోంది. చెప్పవే. అయ్యగారూ, మీరు తల దించుకుంటారేంటి, మీరన్నా చెప్పండి దానికి. శాంతీ, నిన్ను పంపించుకుని నేను బతకలేనే. అంతేనండీ అను, చాలు.”

“అమ్మమ్మ జారేటప్పటికే నేను మునిగి లేచానండి. ముంచమని నేనే వెళ్ళి అడిగాను.”