రెండుసార్లు లెక్కపెట్టిన నలభై ఇద్దరు

మిత్రులారా, ముందు వరసలో కూర్చున్న మన లైబ్రేరియన్ గారి భర్తగారూ, అమ్మాయీ,

ఇంత వానలోనూ హాలు నిండింది. గోడవారన నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. మన పరిశోధన కేంద్రం లైబ్రేరియన్ పోయిన గురువారం గుండెజబ్బుతో చనిపోయారు. ఇరవై మూడేళ్లు మనతో పనిచేశారు. మీలో సగం మందికి అసలు పేరుకంటే జల్లెడక్క అన్న పేరే ముందు గుర్తొస్తుంది. అది పెట్టినవాళ్లలో ఈ విభాగానికి అధిపతినైన నేనూ ఉన్నాను.

జల్లెడ ఎందుకు? మన పని తెలియని బంధువుల కోసం చెబుతాను. ఒక మందు పనిచేస్తుందా లేదా అని ప్రపంచంలో ఎవరెవరు ఏం రాశారో అంతా వెతకాలి. పనికిరానిది తీసేయాలి. మిగిలినది కలిపి ఒక సమాధానం చెప్పాలి. దాన్నే సమీక్ష అంటాం. వెతకటం, జల్లించటం ఆవిడ పని. పక్కన పెట్టిన ప్రతి వ్యాసానికీ ఎందుకు పెట్టారో ఒక వాక్యం రాసేవారు. నాలుగు వేల వ్యాసాలుంటే నాలుగు వేల వాక్యాలు! 'వాళ్లూ కష్టపడి రాశారు కదండీ, వద్దనటానికి కారణమైనా చెప్పొద్దా?' అనేవారు.

మహమ్మారి వచ్చింది. వ్యాసాలు కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి. పరిశోధన ఎటు పోతోందో చూద్దామని ఆవిడ ఒక లెక్క తీశారు. ఒక మందు మీద రోగులతో చేసిన అధ్యయనాలు పదకొండు. వాటి మీద సమీక్షలు అరవై నాలుగు. ఆ కాగితం మీటింగులో బల్ల మీద పెట్టి ఏమన్నారో గుర్తుందా? 'పెళ్లికొడుకు ఒక్కడే, ఫొటోలు తీసేవాళ్లు మాత్రం అరవై నలుగురు.' అందరం పగలబడి నవ్వాం. నవ్వి ఏం చేశాం? అరవై ఐదోది మొదలుపెట్టాం. పెట్టించింది నేనే.

పది రోజుల్లో తేల్చాలన్నాను. తొమ్మిదో రోజు ఆవిడ రెండు వ్యాసాలు పట్టుకుని నా గదికొచ్చారు. పత్రికలు వేరు, రచయితల పేర్ల వరస వేరు. కానీ రెండింట్లోనూ నలభై ఇద్దరు రోగులు, అదే సగటు వయసు, అవే మూడు మరణాలు. ఒకే మనుషుల్ని రెండుసార్లు లెక్కపెడుతున్నామన్నారు. ఒకటి తీసేస్తే మందు పనిచేస్తుందనటానికి మా దగ్గర ఆధారం మిగలదు. 'రచయితలకు ఉత్తరం రాశాను సార్, జవాబొచ్చేదాకా ఆగండి' అన్నారు. నేను ఆగలేదు. 'అయితే సమీక్షలోంచి నా పేరు తీసేయండి' అన్నారు. తీసేశాను.

ప్రచురించిన మూడు వారాలకు జవాబొచ్చింది. రెండు వ్యాసాల్లోనూ ఉన్నది ఆ నలభై ఇద్దరే. సమీక్ష వెనక్కి తీసుకున్నాం. ఈలోగా మా మాట నమ్మి ఆ మందు ఎందరు డాక్టర్లు రాశారో, ఎందరు వాడారో, ఎవరికేమైందో నాకు తెలియదు.

వెనక్కి తీసుకుంటూ ఇచ్చిన ప్రకటనలో 'పొరపాటును మేము గుర్తించాం' అని రాశాను. మేమంటే ఎవరం? ఆవిడ అది చదివారు. ఒక్కసారే అడిగారు: 'ఆ వాక్యం మారుద్దామా సార్?' చూద్దాం అన్నాను. నాలుగేళ్లు చూశాను. మీ అందరి ముందూ సిగ్గుపడుతున్నాను.

ఈ ఉదయం పత్రికకు సవరణ పంపాను. అందులో ఆవిడ పూర్తి పేరుంది. ఆ పొరపాటు ఆవిడ ముందే పట్టుకున్నారని, నేను వినలేదని ఉంది. అమ్మాయీ, ఒక ప్రతి నీకు తెచ్చాను. మీ అమ్మ చేతికివ్వాల్సిన కాగితం అది.

అందరూ దయచేసి లేచి నిలబడండి. రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. ఆవిడ చెబుతున్న రోజున నేను మౌనంగా వినలేకపోయాను.