రాయమల్లు రాయించిన ఒప్పందం

"చాయ్‌ల చక్కెర జర ఎక్కువెయ్యి సారవ్వా, గొంతు తడువకుంటె ఇసొంటి ముచ్చట బయటికి రాదు. మన దవాఖానకు, పట్నం దవాఖానకు ఒప్పందమైందని ఊరంత అంటున్నరు గద? ఇక్కడ తీసిన స్కానింగులు, రక్తపరీక్షలు కంప్యూటర్ల నుంచి సీదా పట్నం డాక్టరు ముంగటికి పోతయట. మంచిదే. కానీ గా ఒప్పందం రాయించిందెవలో ఒక్కలన్న చెప్తున్నరా? నేనే!"

గోదావరిఖనిలో సారవ్వ చాయ్ బండి ముందు బల్ల మీద కూర్చొని రాయమల్లు ఇలా అందుకున్నాడు. ముప్పై ఏళ్లు గని మీద ల్యాంపు రూములో పనిచేసి రిటైరైన మనిషి. పక్కన, గనిలో దిగి పనిచేసిన పాత దోస్తు ముష్తాక్. దవాఖానలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసే సంధ్యారాణి కూడా చాయ్‌కి వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. రాయమల్లు ఆమెను చూడలేదు.

"నేను దవాఖానకు గోలీలకని పోయిన. లోపట రెండు దిక్కుల వకీళ్లు లొల్లి పెట్టుకుంటున్నరు. మా పేషెంటు కాయిదాలు మీరు ఇంకెవలికన్న చూపిస్తె ఎట్లని వీళ్లు, చూపిస్తె జిమ్మేదారి ఎవలిదని వాళ్లు. నేను తలుపుల నిలవడి ఒక్కటే మాటన్న. సార్లూ, మా ల్యాంపు రూము పద్ధతి రాసుకోన్రి, అన్న."

"గదేం పద్ధతన్నా?" అంది సారవ్వ.

"మనిషి గనిల దిగేటప్పుడు ఇత్తడి బిళ్ళ నాకిస్తడు. ఇగో, ఇసొంటిది." జేబులోంచి తన పాత బిళ్ళ తీసి చూపించి మళ్లీ వేసుకున్నాడు. "నేను కొక్కానికి తగిలిచ్చి, కిటికీలకెల్లి బత్తి ఇస్త. మీదికొచ్చి బత్తి ఇచ్చి తన బిళ్ళ తీస్కపోతడు. కొక్కానికి ఒక్క బిళ్ళ మిగిలినా లోపట మనిషి ఉన్నట్టే, కిటికీ ముయ్యద్దు. పేషెంటు కాయిదం గూడ గంతే. ఎవలు తీసిన్రు, ఎందుకు తీసిన్రు, పనైనంక ఏంజేసిన్రు, అన్నిటికి పేరు రాయాలె. మోకాలు నొస్తె మోకాలి కాయిదమే పోవాలె, ఆయన తాగుతడా లేదా అన్నది పోవద్దు."

"గది మాత్రం మంచి షరతే," అన్నాడు ముష్తాక్.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? వకీళ్లు నా కాళ్లు మొక్కిన్రు. నేను చెప్తున్న, వాళ్లు రాస్తున్నరు. మూడు షిఫ్టులు రాసిన్రు. ఊళ్లె కాయిదమే అయిపాయె! బొగ్గు గూడ్సులు నూరు కలిపినంత పొడుగైంది ఒప్పందం. ఇటు కొసకు మన పెద్ద డాక్టరు, అటు కొసకు పట్నం పెద్ద డాక్టరు సంతకాలు మొదలువెట్టి, చేసుకుంట చేసుకుంట నడిచి కాజీపేటల కలుసుకున్నరు!"

"నడుమ చాయ్ తాగలేదా పాపం?" అంది సారవ్వ.

"నేనే ఫ్లాస్కుల తీస్కపోయిన గదా. ఇగ మొదలు మన గనిల చేసే జగదీశ్వర్ కాలిరిగిన ఎక్స్‌రే పంపిన్రు. బటన్ ఒత్తింది నేనే. ఎంత జల్ది పోయిందంటె, పట్నం డాక్టరు చూసేటాళ్లకు తొవ్వలనే ఎముక అతుక్కున్నది! జగదీశ్వర్ మంచం మీదికెల్లి లేసి డ్యూటీకి పోయిండు. ఢిల్లీ నుంచి ఫోను, జపాను నుంచి ఫోను. చంద్రుని మీద దవాఖాన కడుతున్నం, ఒప్పందం మీరే రాయాలె అని ఇంకో ఫోను. అక్కడ బత్తి ఎవలిస్తరు, బిళ్ళ ఏ కొక్కానికి తగిలిస్తరు అని అడిగితె, ఇంకా అనుకోలేదన్నరు. పోన్రి, రాను అన్న..."

దగ్గు అందుకుంది. చాలాసేపు దగ్గాడు. సారవ్వ గబగబా నీళ్లిచ్చింది.

"కాకా," అంటూ సంధ్యారాణి ముందుకొచ్చింది. "రెండు దవాఖానల సంతకాలు పోయిన నెలనే అయినయి. అండ్ల ఒక షరతున్నది. పేషెంటు ఒప్పుకోకుంటె ఒక్క కాయిదం గూడ కదలద్దు. నీ ఛాతి స్కానింగు పంపేటందుకు ఒప్పుకోలు కాయిదం నీ చేతికిచ్చి వారమాయె. పట్నం డాక్టరు రోజు అడుగుతున్నడు. అందరు సంతకం చేసిన్రు కాకా. నువ్వే చెయ్యలే."

రాయమల్లు చెయ్యి జేబు మీదికి పోయింది. కాగితం అక్కడే ఉంది, మడతలు నలిగి.

"వాళ్లు చెప్పేదాక స్కానింగుల కనవడ్డది ఒట్టి మచ్చనే బిడ్డా. చెప్పినంక..." జేబు మీద చెయ్యి తియ్యలేదు. "నాకు భయమైతున్నది."

రాయమల్లు నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. ముష్తాక్ దగ్గరికి జరిగి భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, గని లోపట తొవ్వ బందైన దినం నేను మూడు గంటలు లేటుగ మీదికొచ్చిన. నీ డ్యూటీ ఎప్పుడో అయిపోయింది. అయినా ఇంటికి పోలే. నా బిళ్ళ చేతుల పట్టుకొని కిటికీ కాడనే కూసున్నవ్. చంద్రుని ముచ్చట చెప్తవ్ గని, గది ఎవలికి చెప్పవేంది?"

"గది కోతలు కోసుడు కాదు గదరా. చెప్పేటందుకేమున్నది?"

సంధ్యారాణి పెన్ను అందించింది. రాయమల్లు కాగితం మోకాలి మీద సాపు చేసుకొని సంతకం పెట్టాడు. తర్వాత జేబులోంచి తన ఇత్తడి బిళ్ళ తీసి ముష్తాక్ చేతిలో పెట్టాడు.

"కిటికీ ముయ్యకురా ముష్తాకూ," అన్నాడు.

"నువ్వొచ్చి నీ బిళ్ళ అడిగేదాక ముయ్యనన్నా," అన్నాడు ముష్తాక్, పిడికిలి బిగించి.