బల్ల విరగ్గొట్టిన మాట

కూర్చోండి, కూర్చోండి. చెప్పేది చిన్న విషయమే గాని, నేను మొదలుపెట్టాక ఎవరూ లేవరు, అందుకే ముందే కూర్చోమంటున్నాను. డాక్టరమ్మా, మీరు ఈ టీ కొట్టు బెంచీ మీద. ఏవయ్యా బావమరిదీ, కాస్త జరుగు. టైలరుగారు ఎలాగూ నిలబడే ఉంటారు, కూర్చుంటే జేబులో కవిత నలిగిపోతుందంటారు. ఇక నువ్వమ్మా, సంఘంలో ఇవాళే చేరావు కాబట్టి నా ఎదురుగా కూర్చో. కొత్త చెవులు కనబడితే చాలు, నా గొంతు దానంతటదే తెరుచుకుంటుంది. ముప్ఫై ఏళ్లు బస్సులో కండక్టరుగా అరిచినా ఈ గొంతు అరగలేదంటే నా గొప్పేం లేదు, అంతా పైవాడి దయ.

పాపం ఈ అమ్మాయికి మన సంగతులు తెలియవు కదా, చెప్తాను. మన రచయితల సంఘానికి నెలకోసారి ఒక అతిథి వస్తారమ్మా. మాట్లాడతారు, మన చేత రాయిస్తారు, దిద్దుతారు. దాన్నే వర్క్‌షాపు అంటాం. డాక్టరమ్మ మన అధ్యక్షురాలు. పళ్ల డాక్టరు. వారమంతా జనం చేత నోళ్లు తెరిపిస్తారు, ఇక్కడికొచ్చి మూయిస్తారు. నేను సంఘం పుట్టిన రోజు నుంచీ ఉన్నాను. నా పనేమిటో తెలుసా? వందన సమర్పణ. అతిథి మాట్లాడి కూర్చున్నాక అందరికీ ధన్యవాదాలు చెప్పేవాణ్ణి నేనే. నేను మైకు దగ్గరికి వెళ్లేసరికి జనం సంచులూ గొడుగులూ వెతుక్కుంటూ ఉంటారు. ఫ్యానుకీ తలుపుకీ కూడా ధన్యవాదాలు చెప్పిన రోజులున్నాయి తల్లీ, అప్పటికి వింటున్నది అవే కాబట్టి.

ఇవాళ దేవుడు నా వైపు చూశాడు. అంటే, అతిథిగారికి జ్వరం వచ్చింది. తప్పు, తప్పు, ఆయన చల్లగా ఉండాలి, రేపటికి తగ్గిపోవాలి. కానీ ఇవాళ మాత్రం రాలేరు. లోపల హాలు నిండా జనం. బోర్డు మీద టైలరుగారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టారు, 'తక్కువ మాటల్లో ఎక్కువ చెప్పడం ఎలా?' అని. ముందు వరసలో మా ఆవిడ. సంఘం మొహం చూడని మనిషి, ఇవాళే మొదటిసారి వచ్చింది. ఎందుకంటే పొద్దున జ్వరం సంగతి ఫోనులో వినగానే నోరు జారి, ఇవాళ మాట్లాడేది నేనే అని ఇంట్లో చెప్పేశాను. ఈ చొక్కా ఆవిడ ఇస్త్రీ చేసిందే. ఇప్పుడు నేను మైకు ముందు నిలబడకపోతే, ఇక జన్మలో ఆ ఇంట్లో నా మాట చెల్లదు డాక్టరమ్మా.

"అన్నయ్యగారూ, టీ మరిగేలోపు తేల్చుకోవాలి" అంది డాక్టరమ్మ. "మీకు మైకు ఇవ్వాలా, జనాన్ని ఇంటికి పంపాలా? బోర్డు మీద విషయం చూశారుగా. తక్కువ మాటల గురించి మీరు ఇదివరకు ఎక్కడైనా చెప్పారా?"

"మా బావా? తక్కువ మాటలా?" అంటూ మా బావమరిది మొహం పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

నవ్వు నాయనా, నవ్వు. డాక్టరమ్మా, చెప్పానా అని అడుగుతున్నారా? పోయినేడు పక్క ఊరి రచయితల సంఘంలో ఏం జరిగిందో మీదాకా రాలేదన్నమాట. నేను చెప్పుకోను కదా, అదీ నాతో వచ్చిన చిక్కు. మామూలు శ్రోతలా వెళ్లాను, వెనక వరసలో కూర్చున్నాను. అక్కడా అతిథి రాలేదు. రైలు లేటు. నా పక్కన ఒకాయన, మోటారు వైండింగు చేసే మనిషి, ఒళ్లో పెద్ద కట్ట పెట్టుకుని దిగులుగా ఉన్నాడు. ఏమిటి స్వామీ అది అన్నాను. నవల అన్నాడు. దేని మీద అన్నాను. మా మామగారి మోకాలి నొప్పి మీద అన్నాడు. నాలుగు వందల పేజీలు రాశాడు, మోకాలు వచ్చింది గాని నొప్పి ఇంకా రాలేదు. సరే, మొదటి వాక్యం చూశాను. 'కాలికి ఉండే మోకాలు' అని ఉంది. నేను నెమ్మదిగా అన్నాను, నాయనా, మోకాలు కాలికే ఉంటుంది, చేతికి ఉంటే కదా ప్రత్యేకంగా చెప్పాలి, 'కాలికి ఉండే' తీసెయ్యి అని. అంతే. నేను చేసింది అంతే. దేవుడు చూస్తున్నాడు, ఒక్క ముక్క ఎక్కువ చెప్పను.

"బాగుంది, సబబుగానే ఉంది" అన్నారు టైలరుగారు.

సబబుగా ఉందా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వాక్యం చదువుకుని ఆయన గట్టిగా ఊపిరి పీల్చి, నవల రాయడం మొదలుపెట్టాక ఇంత తేలిగ్గా ఊపిరాడటం ఇదే మొదటిసారండీ అన్నాడు. పక్కవాళ్లు విన్నారు. ఆ పక్కవాళ్లు విన్నారు. నన్ను ఎత్తుకెళ్లి మైకు ముందు నిలబెట్టారు. వద్దండీ, నేను వందన సమర్పణ మనిషిని అని మొత్తుకున్నాను. వింటేనా! ఇక పెన్సిలు పుచ్చుకుని, పైకి ఒక దణ్ణం పెట్టుకుని, ఆ నవల పట్టాను. పెన్సిలు నేను నడపలేదమ్మా, ఆయనే నడిపించాడు. నాలుగు వందల పేజీలు చూస్తూ చూస్తూ ఉండగా నలభై అయ్యాయి, నలభై నాలుగయ్యాయి, నాలుగు ఒకటైంది. కథ మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు! మామగారున్నారు, మోకాలుంది, నొప్పి కూడా వచ్చేసింది.

"ఒక్క పేజీలోనా?" అంది కొత్తమ్మాయి.

పేజీ ఏమిటి తల్లీ, ఇంకా నొక్కాను. పేజీ పేరా అయింది, పేరా వాక్యం అయింది. ఇక్కడే అసలు సంగతి. నాలుగు వందల పేజీల బరువు ఎక్కడికి పోతుంది చెప్పండి? ఎక్కడికీ పోదు, ఉన్న వాక్యంలోకే దిగుతుంది. ఆ కాయితం ఇలా ఎత్తబోయాను, రాలేదు. గోరు పెట్టి లేపాను, గోరు విరిగింది. ఇంకొకాయన సాయం వచ్చాడు. ఇద్దరం లాగాం. నలుగురు లాగారు. అప్పటికీ నేను ఊరుకోవచ్చు కదా? చేతిలో పెన్సిలుంటే ఊరుకోలేను. ఆ వాక్యాన్ని నొక్కి నొక్కి ఒక్క మాట చేశాను.

"చేసి?" అని డాక్టరమ్మ గడియారం చూసుకుంది.

చేశానో లేదో, ఫెళ్లున బల్ల విరిగింది! టేకు బల్ల! మాట నేల మీద పడింది, కింద గచ్చు పగిలింది. బజారు నుంచి హమాలీలు వచ్చారు, బస్తాలు ఎత్తే మనుషులు, కాయితానికి నాలుగు మూలలా తాళ్లు కట్టి లాగితే తాళ్లు తెగాయి. ఇక క్రేను తెప్పించారు. క్రేను కొక్కెం కాయితానికి తగిలించి పైకెత్తితే ఏమైందో తెలుసా? కాయితం అక్కడే ఉంది, క్రేను వెనక చక్రాలు పైకి లేచాయి. డ్రైవరు గాల్లో కూర్చుని, అయ్యా, నన్ను దింపండి, పిల్లలుగలవాణ్ణి అని ఏడుపు!

"హాల్లోకి క్రేను ఎలా వచ్చింది బావా?"

తలుపులోంచి వచ్చింది. నువ్వు ఎలా వస్తావు? మధ్యలో మాట్లాడకు, నాకు మాటలు పొదుపు చెయ్యడం అలవాటు, నువ్వు అడిగితే ఖర్చయిపోతాయి. ఈలోగా ఆ సంఘం కార్యదర్శి, లావుపాటి కళ్లద్దాలాయన, ఆ మాట ఏమిటో చూద్దామని వంగి చదివాడు. చదవడమంటే ఒక్క చూపు. ఆ ఒక్క చూపులో నాలుగు వందల పేజీలూ లోపలికి వెళ్లిపోయాయి! అమ్మో అని మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. ఏమైంది ఏమైంది అని చుట్టూ ఉన్నవాళ్లు చదివారు. హాలు హాలంతా కుంటుతోందమ్మా! ఎముకల డాక్టరు వచ్చాడు. అందరి మోకాళ్లూ నొక్కి చూశాడు, వాపు లేదు, దెబ్బ లేదు, కారణం ఏమై ఉంటుందా అని ఆ కాయితం చూశాడు. మూడో కాలు తగిలించుకుని వెళ్లాడు, అంటే చేతికర్రతో.

"ఆ మాట ఏమిటండీ?" అంది కొత్తమ్మాయి. పెన్ను మూత కూడా తీసి పట్టుకుంది.

చెప్పను తల్లీ. నీ మోకాళ్లు చిన్నవి, ముందు చాలా జీవితం ఉంది. అంతలో రైలు దిగి అతిథి వచ్చాడు. మహా నవలాకారుడు. ఆయన వెనకాల వ్యానులో ఆయన నవల. పన్నెండు సంపుటాలు! జనమంతా కుంటడం చూశాడు, గాల్లో క్రేను చూశాడు, పెన్సిలుతో నన్ను చూశాడు. ఏమీ అడగలేదు. నా రెండు చేతులూ పట్టుకుని, గురువుగారూ, నాది కూడా ఒకసారి చూడండి అన్నాడు. పెద్ద మనిషి అడిగితే కాదంటామా? వ్యానులోకి ఎక్కాను. మొదటి సంపుటం నొక్కాను, రెండోది నొక్కాను, పన్నెండూ కలిపి ఒక్క మాట అయ్యాయి. ఆ మాటని కూడా నొక్కాను. అక్షరం అయింది. అక్షరాన్ని కూడా నొక్కాను. ఏం మిగిలిందో తెలుసా? చుక్క. ఒక్క చుక్క! వాక్యం చివర పెడతామే, ఆ చుక్క. అందులో పన్నెండు సంపుటాలు, మూడు తరాలు, రెండు యుద్ధాలు, ఒక పెళ్లి!

"వ్యాను బాగానే ఉందా?" అన్నారు టైలరుగారు.

వ్యాను సంగతి అడక్కండి, దాని అడుగు పోయింది. చుక్క రోడ్డు మీద పడింది, రోడ్డులోంచి భూమిలోకి దిగింది. బుడుంగుమని చప్పుడు, అంతే, చిన్న బెజ్జం. చెవి పెట్టి వింటే లోపల దిగుతూనే ఉంది, దిగుతూనే ఉంది. భూమికి అవతలి వైపు వాళ్లక్కూడా ఒక రచయితల సంఘం ఉంది. అక్కడ ఒక పెద్దావిడ ఒక వాక్యం మొదలుపెట్టి, ఎలా ముగించాలో తెలియక ఏళ్ల తరబడి రాస్తూనే ఉంది పాపం, తిండి కూడా ఎడమ చేత్తోనే. మన చుక్క నేలలోంచి పైకి తన్నుకొచ్చి, ఆవిడ కాయితం కింద నుంచి పొడుచుకొచ్చి, సరిగ్గా ఆ వాక్యం చివర కూర్చుంది! ఆవిడ పెన్ను కింద పెట్టి ఏడ్చేసిందట. ఫోను చేసి మరీ నాకు ధన్యవాదాలు చెప్పారు. జీవితంలో మొదటిసారి, ఇంకొకరు నాకు వందన సమర్పణ చేశారు.

"నీ నంబరు వాళ్లకెలా తెలిసింది బావా?"

చుక్క వెనకాల చిన్న అక్షరాలతో రాశాను. ఇక చాలా డాక్టరమ్మా అనుభవం? పదండి, లోపల జనం ఎదురుచూస్తున్నారు.

అని లేచి చొక్కా సర్దుకున్నాను. ఎవరూ లేవలేదు.

"ఎక్కడికి అన్నయ్యగారూ?" అంది డాక్టరమ్మ. "ఒకసారి అటు చూడండి."

చూశాను. హాల్లోంచి "హా! హూ!" అని కేకలు. తెల్లబట్టల పిల్లలు వరసగా నిలబడి గాలిని తన్నుతున్నారు. మా తర్వాత గంట కరాటే క్లాసుదట. మా గంట అయిపోయిందట. ముందు వరసా వెనక వరసా మొత్తం ఎప్పుడు బయటికొచ్చేశారో, నా వెనకాల టీ గ్లాసులతో గుంపుగా నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు, భుజాన సంచితో, మా ఆవిడ.

మైకు పోయింది. హాలు పోయింది. ఇంట్లో నా మాట కూడా పోయినట్టే అనుకున్నాను.

"దిగులెందుకు?" అంది డాక్టరమ్మ, మంచి తల్లి. "అతిథికి ఇచ్చిన గంట మొత్తం మీరే మాట్లాడారు. సభ్యులంతా విన్నారు. కాబట్టి వర్క్‌షాపు జరిగినట్టే, ఇవాళ్టి వక్త మీరే. అలాగే రాసుకుంటాను."

దేవుడున్నాడు! నా ఛాతీ మళ్లీ చొక్కా గుండీల దాకా వచ్చింది. మా ఆవిడ వైపు చూశాను, చూశావా అన్నట్టు.

"నిజంగా అదంతా జరిగిందాండీ?" అని కొత్తమ్మాయి నన్ను అడగకుండా ఆవిణ్ణి అడిగింది.

"పక్క ఊరు వెళ్లిన మాట నిజమేనమ్మా" అంది మా ఆవిడ. "ఆ రోజు మధ్యాహ్నం నేను ఫోను చేశాను. ఎవరో ఎత్తారు. అమ్మా, మీవారు వెనక వరసలో గురక పెడుతున్నారు, లేపమంటారా అని అడిగారు. వద్దన్నాను."

"అయ్యో, ఎందుకు వద్దన్నావక్కా?" అన్నాడు మా బావమరిది.

"లేస్తే మాట్లాడతారని."

టైలరుగారు ఇన్నేళ్లలో మొదటిసారి కూర్చున్నారు, నవ్వు ఆపుకోలేక, ఏకంగా నేల మీద. పెన్సిలు పట్టుకున్నది గురకకి ముందో తర్వాతో నేను చెప్పబోయాను, ఎవరికీ వినబడలేదు.

"సరే, ఇక పద్ధతి ప్రకారం వందన సమర్పణ" అంది డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ. అలవాటు కొద్దీ నేను గొంతు సవరించుకున్నాను. "మీరు కాదన్నయ్యగారూ. వక్తకి వక్తే ఎలా చెప్పుకుంటారు? ఇంకెవరైనా రండి."

ఎవరూ కదల్లేదు. మా ఆవిడ టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, కొంగు సర్దుకుని, ముందుకొచ్చింది. మా ఇంట్లో ఏళ్ల తరబడి ఆవిడ మాట నేను పూర్తిగా విన్నది లేదు, అంచేత ఏం చెప్పబోతోందో నాకూ తెలియదు. అందరికీ నమస్కారం పెట్టింది. డాక్టరమ్మకి పెట్టింది. నాకూ పెట్టింది.

"చాలు" అంది.

అని వెళ్లి తన గ్లాసు తను తీసుకుంది.

టీ కొట్టు రేకులు అదిరేలా చప్పట్లు. కరాటే పిల్లలు కూడా తన్నడం ఆపి కిటికీల్లోంచి తొంగి చూశారు. సంచీ వెతుక్కున్నవాడు లేడు, గొడుగు తీసుకున్నవాడు లేడు. మా సంఘం పుట్టాక, వందన సమర్పణ చివరిదాకా జనం నిలబడి విన్నది ఆ రోజే.

నేను బెంచీ ఎక్కి నాలుగు వైపులా తిరిగి నమస్కారం పెట్టాను. వక్తని నేనే కదా.